సైరన్‌కు, బెల్టుకు మధ్య

రిటైరైనప్పటి నుంచి మా వీధి పిల్లలు ఒకరిద్దరు వచ్చి, "అంకుల్, ఆటోమేషన్ కోర్సు చేస్తున్నాం, జాబ్ ఎట్లుంటుంది?" అని అడుగుతుంటారు. జీతం సంగతీ, హైదరాబాద్‌లో దొరుకుతుందా లేదా అన్న సంగతీ వాళ్లకు కావాలి. ఆ రెండూ నాకు తెలియవు. నాకు తెలిసింది నేను చేసిన పని. అందులోనూ ఒక్క చిన్న పని గురించే రాస్తాను. అది చాలామందికి పనిలాగే కనిపించదు.

మిల్లైనా, పంప్‌హౌసైనా, బొగ్గు యార్డైనా అక్కడొక ప్యానెల్ ఉంటుంది. ప్యానెల్లో టిఫిన్ డబ్బా అంత పెట్టె ఉంటుంది. దాన్ని ప్రాసెసర్ అంటారు. మోటారు ఎప్పుడు తిరగాలి, వాల్వు ఎప్పుడు మూయాలి అని చెప్పేది అదే. ఆ పెట్టెలో ఉండే ప్రోగ్రాంకు ఒక నకలు ఆఫీసు గదిలోని కంప్యూటర్లో ఉంటుంది. రెండూ ఒకేలా ఉండాలి. ఉండవు. ఎవరో వచ్చి పెట్టెలో ఒక అంకె మారుస్తారు, కంప్యూటర్లో మార్చరు. తర్వాత వచ్చినవాడు రెండింటినీ పోల్చి చూస్తే, తేడా ఉందని స్క్రీన్ మీద ఎర్రగా చూపిస్తుంది. ఆ ఎరుపును పోగొట్టడమే నా ఉద్యోగం. దారులు రెండే. పెట్టెలో ఉన్నదాన్ని కంప్యూటర్లోకి తీసుకోవాలి, లేకపోతే కంప్యూటర్లో ఉన్నదాన్ని పెట్టెలోకి దింపాలి. దింపితే పెట్టెలో అంతకు ముందున్నది పోతుంది. ఎక్కడికి పోతుందని అడగకండి. పోతుంది, అంతే.

మూర్తిగారు పట్టుకున్న చెయ్యి

నేను చేరింది వరంగల్‌లో ఒక చిన్న సర్వీసు కంపెనీలో. యజమాని మూర్తిగారిది కృష్ణా జిల్లా. నా మాట విని నవ్వేవారు. నేను "గిది", "గట్ల" అంటే ఆయన ఇంకోసారి అనిపించుకునేవారు. కడుపు మండేది. కానీ పని విషయంలో ఆయన చెప్పినదానికి మించి ఈ ముప్పై ఏళ్లలో నేను నేర్చుకున్నది లేదు.

మొదటి నెలల్లోనే జనగామలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లుకు ఇద్దరం వెళ్లాం. వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ దగ్గర, వేడికి పెట్టిన అంకె పెట్టెలో ఒకటి, కంప్యూటర్లో ఇంకొకటి. కంప్యూటర్లోది మా కంపెనీ పెట్టింది కాబట్టి అదే సరైనదని నా ధీమా. దింపబోయాను. మూర్తిగారు నా మణికట్టు పట్టుకున్నారు. మిల్లులో పనిచేసే పెద్దాయనను పిలిచి, ఈ అంకె ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అని అడిగారు. వేడి చూసే మీటర్ పాడైతే ఇంకోటి తెచ్చి పెట్టామనీ, ఇది కొంచెం తక్కువ చూపిస్తుందనీ, అందుకే అంకె తగ్గించామనీ ఆయన చెప్పాడు. నేను దింపి ఉంటే డ్రయ్యర్‌లోని వడ్లు మాడిపోయేవి.

బయటికొచ్చాక మూర్తిగారు ఒక్క మాటే అన్నారు. "తేడా కనపడితే తప్పు అనుకోకు. ఎవడికో ఏదో అవసరం పడింది అనుకో. ముందు అడుగు."

దీనికి ఎదురు సంగతి మహబూబాబాద్‌లో చూశాను. అక్కడ మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలో మార్పులన్నీ పెట్టెలోనే చేసుకుంటూ పోయారు, కంప్యూటర్లో ఒక్కటీ సేవ్ చేసి దాచలేదు. పెట్టెలోని బ్యాటరీ అయిపోయింది, కరెంటు పోయింది, తిరిగి వచ్చేసరికి పెట్టెకు ఏదీ గుర్తులేదు. కంప్యూటర్లో ఉన్న పాత ప్రోగ్రాంతో మిషన్లు నడిపితే లోపల చెమ్మ చేరి మిర్చి నల్లబడింది. బస్తాల మీద చేతులేసుకుని కూర్చున్న రైతుల ముందు నుంచి తలెత్తకుండా నడిచి వచ్చాను. తప్పు నాది కాదు. అయినా తల ఎత్తలేకపోయాను.

కాబట్టి సూత్రం రెండు ముక్కలు. అడగకుండా దింపకు. మార్చింది కంప్యూటర్లో దాచకుండా వదలకు. పిల్లలకు ఇంతవరకు చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోవడానికి కారణం భూపాలపల్లి.

గుంతలో ఆడవాళ్లు

భూపాలపల్లి దగ్గర ఒక ప్రైవేటు యజమానికి బొగ్గు యార్డు ఉండేది. పెద్ద బొగ్గు తెచ్చి, నలగ్గొట్టి, బెల్టు మీద పంపి లారీలకు ఎత్తేవారు. బెల్టు మొదలయ్యే చోట, నేల కింద ఒక గుంత ఉంటుంది. బెల్టు తిరిగే పెద్ద డ్రమ్ము అందులోనే ఉంటుంది. బెల్టు మీద నుంచి రాలిన బొగ్గంతా ఆ గుంతలో చేరుతుంది. ఎత్తి పోయకపోతే డ్రమ్ము ఇరుక్కుంటుంది. ఎత్తేది ఆడకూలీలు. వాళ్లను పనికి పెట్టి కూలి ఇచ్చేది ఒక మేస్త్రి. గంగారం, కొత్తగూడ అడవి వైపు తండాల నుంచి వచ్చి, యార్డు వెనక గుడిసెలు వేసుకుని ఉండేవారు. తమలో తాము తమ భాష మాట్లాడుకునేవారు, మాతో తెలుగు.

బెల్టు ఆపి వాళ్లను దింపేవారు. మళ్లీ నడిపే ముందు సైరన్ మోగుతుంది. మోగిన పావు నిమిషానికి బెల్టు కదులుతుంది. ఆ పావు నిమిషం అన్నది పెట్టెలో ఒక అంకె.

ఆ యార్డులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ యాకయ్య. దేవరుప్పుల మనిషి. ఐటీఐ చదివి, మిగతాదంతా పనిలో నేర్చుకున్నాడు. ల్యాప్‌టాప్ పెట్టెకు కలిపి అంకెలు ఎట్లా మార్చాలో నేనే నేర్పాను. నాకు తమ్ముడి వరుస పెట్టుకున్నాను, అతను నన్ను అన్నా అనేవాడు.

ఒకసారి ఏడాది తనిఖీకి వెళ్లి పోల్చి చూస్తే ఎరుపు కనిపించింది. కంప్యూటర్లో పావు నిమిషం, పెట్టెలో ముప్పావు నిమిషం. అడిగాను. యాకయ్య నన్ను గుంత దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. సైరన్ మోగగానే ఆడవాళ్లు ముందు తట్టలు పైకి అందించారు, తర్వాత పారలు అందించారు, ఆ తర్వాత ఒక్కొక్కరే ఇనుప నిచ్చెన ఎక్కారు. అందరికంటే వెనక సోమ్లీ అనే ఆమె. అందరినీ ఎక్కించి ఆమె ఎక్కేది. గుంపుకు పెద్దలాంటిది. ముప్పావు నిమిషం సరిగ్గా సరిపోయింది.

"మేనేజర్‌ను అడిగిన్నే. లారీలు నిలవడ్తయి, కుదరదన్నడు," అన్నాడు యాకయ్య. "ఇగ నేనే మార్చిన. కంప్యూటర్ల మారిస్తె నెలనెలా హెడ్డాఫీసుకు పోయే ప్రింటుల కనవడ్తది. అందుకే పెట్టెల్నే ఉంచిన."

మిర్చి సంగతి చెప్పాను. మేనేజర్‌తో ఇంకోసారి మాట్లాడి రెండు చోట్లా మార్పించుకో అన్నాను. మాట్లాడాడు. మేనేజర్ ఈసారి తిట్టి పంపాడు. దాంతో యాకయ్య షిఫ్టు మారేటప్పుడు మాటగా చెప్పే ఏర్పాటు చేసుకున్నాడు. దిగిపోయేవాడు ఎక్కేవాడికి బెల్టు సంగతి, మోటార్ల సంగతి చెప్పాక, చివర "సైరన్ జోలికి పోకు" అనేవాడు. అందరూ స్థానికులే, అందరికీ ఆ గుంత తెలుసు. ఏళ్ల తరబడి ఆ ఎరుపు అట్లాగే ఉంది, ఎవరూ ముట్టలేదు. ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరి చెవికి నడిచినన్నాళ్లూ సోమ్లీ గుంతలోంచి పైకి వచ్చింది.

టెంట్

అప్పుడు ఉద్యమం నడుస్తోంది. సకల జనుల సమ్మె అన్నారు. బళ్లు మూశారు, బస్సులు ఆగాయి, బాయిల్లో, అంటే గనుల్లో, బొగ్గు ఆగింది. రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే భోజనాలు. నేనూ మోటార్ సైకిలేసుకుని ఊరూరా టెంట్లలో కూర్చున్నాను, గొంతు పోయేదాకా అరిచాను. రాష్ట్రం రావాలని నాకు అప్పుడూ ఉంది, వచ్చింది మంచిదేనని ఇప్పుడూ అంటాను. దీని తర్వాత రాసేది చదివి ఎవరూ తొందరపడి నన్ను వేరే జట్టులో వేయకండి.

యార్డులో పర్మనెంటు వాళ్లంతా బయటికొచ్చి గేటు ముందు టెంట్ వేశారు. నాయకుడు సమ్మయ్య, క్రేన్ ఆపరేటర్. గట్టి మనిషి. పని నడపడానికి ఎవరొచ్చినా వాళ్లతో మాట బంద్ అని టెంట్లో తీర్మానం చేశారు.

యజమాని దగ్గర పాత బొగ్గు కుప్పలున్నాయి. బయట బొగ్గు దొరకని రోజులు. అమ్ముకోవాలని ఆత్రం. గుంటూరు వైపు నుంచి శ్రీనివాస్ అనే ఇంజనీరును పిలిపించాడు. పెళ్లై ఏడాది కాలేదు, కొత్త ఉద్యోగం, పొమ్మంటే వచ్చాడు. ఇక్కడి నుంచి జరిగింది నాకు యాకయ్యా చెప్పాడు, శ్రీనివాసూ చెప్పాడు. విడివిడిగా చెప్పారు, మాటలు ఒక్కటే.

శ్రీనివాస్ ప్యానెల్ తెరిచి పోల్చి చూశాడు. ఎరుపు కనిపించింది. ఎవరు నేర్పారో కానీ బాగా నేర్పారు. దింపలేదు. అడుగుదామనుకున్నాడు. లోపల అడగడానికి తెలిసినవాడు ఒక్కడూ లేడు. గేటు దాటి టెంట్ దగ్గరికి వచ్చాడు. ఆ రోజుల్లో కోస్తా మనిషి ఒక్కడే టెంట్ ముందుకు రావడానికి ధైర్యం కావాలి.

"అన్నా, ప్యానెల్లో ప్రోగ్రాము, కంప్యూటర్లోదీ కలవట్లేదండి. సైరన్ టైము తేడాగా ఉంది. ఏది ఉంచాలో చెప్తే వెళ్లిపోతానండి," అన్నాడు.

వెనక నుంచి ఎవరో ఆ "వెళ్లిపోతానండి"ని సాగదీసి అన్నారు. టెంటంతా నవ్వింది. మన మాటను సినిమాల్లో తరాల తరబడి వెక్కిరించారు కదా, ఒక్కసారి బదులు తీరినట్టు అనిపించి ఉంటుంది. నేనక్కడ ఉంటే నేనూ నవ్వేవాడినేమో.

యాకయ్య లేవబోయాడు. సమ్మయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"కూసో యాకన్నా. వానితోని మనకు మాటేంది."

యాకయ్య కూర్చున్నాడు. శ్రీనివాస్ వెనక్కి వెళ్లిపోయాడు. మేనేజర్‌ను అడిగాడు. మేనేజర్‌కు అసలు పెట్టెలో వేరే అంకె ఉందన్న సంగతే అప్పుడు తెలిసింది. మండిపడ్డాడు. కంప్యూటర్లో ఉన్నదే కంపెనీ ఒప్పుకున్నది, అదే దింపమన్నాడు. శ్రీనివాస్ దింపాడు.

యాకయ్యకు ఆడకూలీలు పనికి వస్తున్నారని తెలియదు. గేటు ముందు నుంచి ఎవరూ వెళ్లలేదు కాబట్టి గుంతలోకి దిగేవాళ్లు లేరనుకున్నాడు. వాళ్ల గుడిసెలు యార్డు వెనక ఉన్నాయి, వాళ్లు వెనక దారిన వచ్చారు. పని మానితే ఆ పూట పొయ్యి వెలగదు. సమ్మె గురించి వాళ్లకు ఎవరూ చెప్పలేదు, వాళ్లను ఎవరూ రమ్మనలేదు. సకల జనులు అన్నాం గానీ, టెంట్ నుంచి ఆ గుడిసెల దాకా ఒక్కరూ నడిచిపోలేదు.

సైరన్ మోగింది. ఆడవాళ్లు అలవాటు ప్రకారం తట్టలు అందించారు, పారలు అందిస్తున్నారు. బెల్టు కదిలింది. పక్కనున్న ఆమె, బెల్టు ఆపడానికి దాని వెంట కట్టి ఉండే తాడు లాగేసరికి సోమ్లీ కుడిచెయ్యి బెల్టుకూ డ్రమ్ముకూ మధ్యకి వెళ్లింది. వరంగల్ దవాఖానలో భుజం దాకా తీసేశారు.

తేడాలు లేవు

మేనేజర్ మా కంపెనీకి ఫోన్ చేశాడు. కార్మిక శాఖ విచారణకు రిపోర్టు కావాలన్నాడు. నేను వెళ్లాను. పోల్చి చూశాను. ఏళ్ల తర్వాత మొదటిసారి ఎరుపు లేదు. పెట్టె, కంప్యూటరు ఒక్కటే. తేడాలు లేవు అని వచ్చింది స్క్రీన్ మీద. ముప్పావు నిమిషం అన్న అంకె ఆ యార్డులో ఎక్కడా మిగల్లేదు.

మేనేజర్‌కు అదే కావాలి. "సైరన్ మోగింది, టైము రూల్ ప్రకారమే ఉంది, వాళ్లు బయటికి రాలేదు. ఇంతే రాయండి," అన్నాడు. ఆ మూడు మాటల్లో అబద్ధం లేదు. ఆ మూడే రాస్తే తప్పు సోమ్లీది అవుతుంది, పరిహారం పోతుంది. ఆమెకు తండాలో ముగ్గురు పిల్లలు. కూలి తప్ప వేరే ఆధారం లేదు, ఆ కూలి చేసే చెయ్యి లేదు.

మూడూ రాశాను. కింద ఇంకో పేరా రాశాను. కిందటి తనిఖీలో పెట్టెలో ముప్పావు నిమిషం నా కళ్లతో చూశానని, మేనేజర్‌ను అడిగితే ఒప్పుకోలేదని విన్నానని రాశాను. మూర్తిగారు చదివి, "ఈ చివరి పేరా ఉండాలా?" అన్నారు. ఉండాలన్నాను. సంతకం పెట్టారు. ఆ యార్డు పని మాకు మళ్లీ రాలేదు. నా మాట విని నవ్విన మనిషి మీద నాకున్న కోపం ఆ సంతకంతో పోయింది.

కానీ నా ఒక్కడి మాట చాలదు. విన్నానని నేను రాస్తే వకీలు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు. మార్చినవాడు వచ్చి చెప్పాలి. యాకయ్య ఇంటికి వెళ్లాను. అప్పటికే సమ్మయ్య అక్కడ కూర్చుని ఉన్నాడు. చెప్తే ఉద్యమానికి మచ్చ వస్తుందన్నాడు. టెంట్ ముందుకొచ్చి అడిగితే చెప్పలేదని పేపర్లో రాస్తే అవతలివాళ్లు పండగ చేసుకుంటారన్నాడు. అదీ అబద్ధం కాదు.

"అన్నా, వాడు అడిగిండు," అన్నాడు యాకయ్య. "నాకు ఇనవడ్డది. సైరన్ అన్న మాట గూడ ఇనవడ్డది. అందరు నవ్వుతున్నరు గద, నేనొక్కన్ని లేస్తె ఏమనుకుంటరో అని కూసున్న."

విచారణలో అదే చెప్పాడు. తానే మార్చానని, మేనేజర్ రెండుసార్లు కాదన్నాడని, శ్రీనివాస్ వచ్చి అడిగాడని, తాను నోరు విప్పలేదని. శ్రీనివాస్ కూడా తాను దింపింది ఏమిటో, ఎవరు దింపమన్నారో దాచకుండా చెప్పాడు. యజమాని వకీలు ఊరుకుంటాడా? అనుమతి లేకుండా టైము పెంచి కూలీలకు అలవాటు చేసింది యాకయ్యే కాబట్టి అసలు నేరం అతనిదేనన్నాడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నేను ఆ పాపాన్ని పంచి చూస్తే ఎక్కువ పిడికిళ్లు మేనేజర్‌కే వచ్చాయి. కానీ విచారణ అయ్యాక మేనేజర్ అదే కుర్చీలో ఉన్నాడు, యాకయ్య ఉద్యోగం పోయింది. శ్రీనివాస్ ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. మంచి పనివాడు, ఈ రంగంలో నిలవలేదు. యాకయ్య దేవరుప్పులలో మోటార్లు చుట్టే దుకాణం పెట్టుకున్నాడు. రాష్ట్రం వచ్చిన రోజు అతన్ని పిలవడానికి మనుషులు వచ్చారట, దుకాణం మూసుకుని ఇంట్లో పడుకున్నాడు.

సోమ్లీకి పరిహారం వచ్చింది. అది యాకయ్య చెప్పినందుకే వచ్చింది.

ఎవరూ అడగని మాట

విచారణ అధికారి ఇంకొక ఆదేశం ఇచ్చాడు. గుంతలోంచి బయటికి రావడానికి నిజంగా ఎంతసేపు పడుతుందో అందరి ముందూ చూసి, ఆ అంకెనే రెండు చోట్లా పెట్టాలని. ఆ పనికి అధికారే నన్ను పిలిపించాడు. కూలీల తరఫున సోమ్లీ ఉండాలన్నారు. యాకయ్యను ఎవరూ పిలవలేదు, అయినా వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

బెల్టుకు కరెంటు తీసేసి ఆడవాళ్లను దింపారు. సోమ్లీ పైన గట్టు మీద నిలబడింది. కుడివైపు కొంగు భుజం మీదుగా నిండా కప్పుకుంది. సైరన్ మోగించాం. కింద వాళ్లు తట్టలు అందించారు. తర్వాత పారలు. గట్టు మీదున్న ఇంకొకామె ఒక్కో పారా అందుకుని గోడకు ఆనించింది. తర్వాత ఒక్కొక్కరే ఎక్కారు.

నాకు విసుగొచ్చింది. ప్రాణం మీదికి వస్తుంటే పారలెందుకు? అవి అక్కడ పడేసి వస్తే పావు నిమిషంలోనే అందరూ బయట ఉండేవారు. ఇన్నేళ్లు ఆ గుంత దగ్గర నిలబడి చూశాను, యాకయ్య రోజూ చూశాడు. ఇద్దరం ఎంతసేపు పడుతుందని చూశాం, ఎందుకు పడుతుందని ఒక్కసారీ అడగలేదు. తేడా కనిపిస్తే ముందు అడుగు అని మూర్తిగారు చెప్పింది పెట్టెల గురించే అనుకున్నాను.

"సోమ్లీ, ఆ పారలు ఆడనే ఇడిసిపెట్టి రారాదా?" అన్నాను.

ఆమె నావైపు చూసింది. కోపంగా కాదు. తెలియనివాడికి చెప్పినట్టు చెప్పింది.

"పార బెల్టుల వడితె మేస్త్రి కూలి కోస్తడు సారు. పార ఖరీదు ఎంతనో మాకెరుకే. చెయ్యి వోతదని మాకెవలు జెప్పిన్రు?"

మేస్త్రి అక్కడే ఉన్నాడు. చెప్పులకంటిన బొగ్గు దులుపుకుంటున్నాడు. మేనేజర్ గడియారం చూసుకున్నాడు. యాకయ్య గోడకు ఆనించిన పారల పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

అధికారి అంకె చెప్పాడు. పెట్టెలో పెట్టాను. కంప్యూటర్లో దాచాను. నియమం ప్రకారం మళ్లీ ఒకసారి పోల్చి చూశాను.

తేడాలు లేవు అని వచ్చింది.